ఒక కాలు సన్నబడినప్పుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

కాళ్ల కండరాల్లో తేడా గురించి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఈ సంచికకు ఎంచుకున్నాను. మొదటి ఉత్తరంలోని సందేహం నా దగ్గరకు ఫిజియోథెరపీ కోసం వచ్చే యువకుల్లో చాలామందికి ఉన్నదే కాబట్టి దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 27 ఏళ్లు. కళాశాల రోజుల నుంచి కబడ్డీ ఆడేవాణ్ని. ఏడాదిన్నర కిందట ఆటలో ఎడమ మోకాలు మెలిపడి, మోకాలిని నిలకడగా ఉంచే ఏసీఎల్ లిగమెంటు తెగింది. ఆపరేషన్ జరిగి 14 నెలలైంది. ఇప్పుడు నొప్పి లేదు, వాపు లేదు, నడక కూడా బాగుంది. కానీ మోకాటి చిప్పకు 10 సెంటీమీటర్ల పైన టేపుతో కొలిస్తే ఎడమ తొడ కుడి తొడకంటే 3 సెంటీమీటర్లు తక్కువగా ఉంది. అయిదు నెలలుగా జిమ్‌లో వారానికి మూడు రోజులు బార్‌బెల్‌తో స్క్వాట్లు చేస్తున్నాను. 40 కిలోలతో మొదలుపెట్టి 80 కిలోలకు వచ్చాను. రెండు తొడలూ కొంత పెరిగాయి గానీ తేడా మాత్రం అలాగే ఉంది. కుడికాలికి వ్యాయామం పూర్తిగా మానేసి ఎడమకాలికే చేయమని ఒక మిత్రుడు అంటున్నాడు. అలా చేయవచ్చా? నిక్కరు వేసుకుని మైదానంలోకి వెళ్లాలంటే సిగ్గుగా ఉంటోంది.
— ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

సమాధానం: మీరు ఎత్తే బరువు రెట్టింపయినా తేడా తగ్గలేదన్న మాటలోనే మీ ప్రశ్నకు సగం జవాబు ఉంది. రెండు పాదాలూ నేల మీద ఆనించి 80 కిలోలు మోస్తున్నప్పుడు ఒక్కో కాలి మీద 40 కిలోలు పడుతున్నాయని మనం అనుకుంటాం గానీ, దెబ్బ తగిలిన కాలును నెలల తరబడి కాపాడుకోవడానికి అలవాటు పడిన శరీరం, నొప్పి పోయిన తరవాత కూడా నడుమును కాస్త మంచి కాలి వైపు జరిపి బరువులో పెద్ద వాటాను దాని మీదే వేస్తుంది. ఇది మీకు తెలియకుండా జరిగే పని. అద్దం ముందు నిలబడి చేసినా అది చాలాసార్లు కంటికి కనిపించదు.

కావాలంటే ఇంట్లోనే పరీక్షించుకోండి. ఒకే రకం బరువు యంత్రాలు రెండు తెచ్చి పక్కపక్కన పెట్టి, ఒక్కో దాని మీద ఒక్కో పాదం ఉంచి, ఏ బరువూ పట్టుకోకుండా నెమ్మదిగా బస్కీ తీసినట్టు కూర్చుని లేవండి. అంకెలను మీరు చూడవద్దు, ఇంట్లో ఇంకొకరిని చదవమనండి. యంత్రాల స్థానాలు మార్చి మరోసారి చేస్తే తేడా యంత్రానిదా, కాలిదా అన్నది కూడా తేలిపోతుంది. కుడివైపు అంకె ప్రతిసారీ ఎక్కువగా ఉంటే, ఈ అయిదు నెలలూ మీరు చేసిన స్క్వాట్ల ఫలం ఎక్కువగా కుడికాలికే దక్కిందని అర్థం.

అసలు ఎడమ తొడ ఎందుకు సన్నబడింది? వాడకపోవడం ఒక్కటే కారణం కాదు. మోకాటి కీలులో దెబ్బ వల్ల నీరు చేరి వాపు వచ్చినప్పుడు, ఆ కీలు నుంచి వెళ్లే సంకేతాల వల్ల వెన్నుపాము తొడ ముందుభాగపు కండరానికి వెళ్లే ఆజ్ఞలను అణచివేస్తుంది. మనిషి ఎంత పట్టుదలతో బిగించాలని చూసినా ఆ కండరం పూర్తిగా బిగుసుకోదు. అందుకే మోకాలి గాయాల్లో తొడ వెనుక భాగంకంటే ముందుభాగం త్వరగా కరిగిపోతుంది. దానికి తోడు ఆపరేషన్ తరవాత చేతికర్రలతో గడిపిన వారాలు ఉన్నాయి. ఇక్కడ మరో సంగతి గుర్తుంచుకోవాలి. కండరం చుట్టుకొలత తగ్గే వేగంకంటే దాని బలం తగ్గే వేగం ఎక్కువ. కాబట్టి టేపు చూపించే 3 సెంటీమీటర్లకంటే అది చూపించలేని బలహీనతే మీరు ముందుగా పట్టించుకోవలసినది.

ఆ బలహీనతను కొలిచే తేలిక మార్గం ఉంది. లెగ్ ప్రెస్ యంత్రం మీద ఒక్కో కాలితో విడివిడిగా, సరైన పద్ధతిలో పదిసార్లు మాత్రమే తోయగలిగినంత బరువు ఎంతో చూడండి. కుడికాలు 60 కిలోలు తోసి ఎడమకాలు 42 కిలోలే తోస్తే, ఎడమకాలి బలం కుడికాలి బలంలో 70 శాతం. మోకాలి ఆపరేషన్ తరవాత క్రీడాకారులను మళ్లీ ఆటకు అనుమతించే ముందు ఈ నిష్పత్తి కనీసం 90 శాతం ఉండాలన్నది వైద్యులు, ఫిజియోథెరపిస్టులు సాధారణంగా పాటించే గీటురాయి. చుట్టుకొలతలో ఒక సెంటీమీటరు అటూ ఇటూ తేడా ఏ గాయమూ లేనివారిలో కూడా మామూలే.

బలహీనమైన కాలిని ఒంటరిగా, క్రమంగా పెంచే బరువుతో పని చేయించాలన్న ఆలోచనకు చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో చికాగోలోని గార్డినర్ జనరల్ ఆస్పత్రిలో థామస్ డెలార్మ్ అనే సైనిక వైద్యుడు తొడ, మోకాలు గాయపడిన సైనికులకు చికిత్స చేసేవాడు. తేలికపాటి బరువును ఎక్కువసార్లు కదిలించడమే అప్పటి ఆచారం. దానివల్ల ఓర్పు వచ్చేది గానీ కరిగిన తొడకు బలం వచ్చేది కాదు. ఆయన సైనికుడి పాదానికి ఇనుప బూటు తొడిగి, దానికి పదిసార్లకు మించి ఎత్తలేనంత బరువు తగిలించి, బలం పెరిగేకొద్దీ బరువు పెంచుతూ పోయాడు. ఆ ఫలితాలను 1945లో ప్రచురించాడు. నేడు జిమ్‌లో మనం సెట్లు, రెప్స్ అని లెక్కపెట్టే పద్ధతికి చాలావరకు పునాది గాయపడిన కాళ్లకు జరిగిన ఆ చికిత్సే.

ఇక మీరు చేయవలసిన పని. వచ్చే 12 వారాల పాటు బార్‌బెల్ స్క్వాట్‌ను పక్కన పెట్టండి. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒకరోజు విరామంతో, ఒంటికాలి వ్యాయామాలే చేయండి. ఒంటికాలితో లెగ్ ప్రెస్, వెనుక పాదాన్ని బల్ల మీద ఉంచి ముందు కాలితో చేసే స్ప్లిట్ స్క్వాట్, యంత్రం మీద కూర్చుని ఒంటికాలిని మోకాలి దగ్గర చాచే లెగ్ ఎక్స్‌టెన్షన్, తొడ వెనుక భాగానికి డంబెల్ పట్టుకుని ఒంటికాలి మీద ముందుకు వంగే డెడ్‌లిఫ్ట్, చివరగా పిక్కకు ఒంటికాలితో మడమ పైకెత్తడం. ఈ అయిదూ చాలు. ప్రతి వ్యాయామంలోనూ శరీరం తాజాగా ఉన్నప్పుడే ఎడమకాలితో మొదలుపెట్టండి. ఒక్కో సెట్టులో ఎడమకాలు ఎంత బరువుతో ఎన్నిసార్లు చేయగలిగిందో కుడికాలు కూడా అంతే బరువుతో అన్నిసార్లే చేసి ఆగాలి. దానికి శక్తి మిగిలి ఉన్నా సరే, ఆగాలి. ఈ నియమాన్ని పాటించడమే అన్నిటికంటే కష్టమని నా అనుభవం. మంచి కాలి సామర్థ్యాన్ని చూసుకుని మురిసిపోయే కుర్రవాళ్లు అక్కడే దారి తప్పుతారు.

ఎడమకాలికి ఒక్కో వ్యాయామం మూడు నాలుగు సెట్లు, కుడికాలికి రెండు సెట్లు. సెట్టుకు 8 నుంచి 12 సార్లు, ఇంకో రెండుసార్లు చేయగలననిపించినప్పుడు ఆపాలి. సెట్ల మధ్య రెండు నిమిషాలు ఆగండి. కిందికి దిగేటప్పుడు మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ దిగండి. మోకాలు లోపలికి వాలకుండా పాదం వేళ్ల దిశలోనే కదలాలి. అన్ని సెట్లలోనూ 12 సార్లు హాయిగా చేయగలిగిన రోజున రెండు, రెండున్నర కిలోలు పెంచండి. నొప్పికి పదికి ఇన్ని అని మార్కులు వేసుకుంటే మూడుకు మించని చిన్న నొప్పి ఫరవాలేదు గానీ, మర్నాడు ఉదయం మోకాలు వాచితే ముందురోజు చేసింది ఎక్కువైందన్నమాట. అప్పుడు బరువు తగ్గించండి. వాపు ఉన్నంతకాలం పైన చెప్పిన అణచివేత మళ్లీ మొదలవుతుంది కాబట్టి పంతానికి పోతే నష్టం మీకే. తెగిన లిగమెంటు స్థానంలో పెట్టిన అతుకును ఎక్కడి నుంచి తీశారో కూడా మీ సర్జన్‌ను అడిగి తెలుసుకోండి. తొడ వెనుక స్నాయువు నుంచి తీసి ఉంటే వెనుక భాగానికి అదనపు శ్రద్ధ కావాలి. చిప్ప కింది స్నాయువు నుంచి తీసి ఉంటే లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో మోకాలి ముందు నొప్పి రావచ్చు, దానిని తక్కువ బరువుతో మొదలుపెట్టాలి.

మీ మిత్రుడు చెప్పినట్టు కుడికాలిని పూర్తిగా మానేయకండి. మంచి కాలిని బలహీనపరచి సాధించే సమానత్వం మైదానంలో మిమ్మల్ని కాపాడదు. పైగా ఒక అవయవానికి చేసిన సాధన ఫలం రెండోదానికీ కొంత అందుతుంది. 1894లోనే అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ కుడిచేతికి పట్టు సాధన చేయించి, ఏ సాధనా చేయని ఎడమచేతి పట్టు కూడా పెరిగిందని చూపాడు. అలా అందేది నాడీ వ్యవస్థ నేర్చుకున్న బలమే గానీ కండరం పరిమాణం కాదు. అయినా కాలికి కట్టు వేసి ఉన్న రోజుల్లో రెండో కాలికి వ్యాయామం ఆపవద్దని మేము చెప్పడానికి కారణం అదే.

ఇది తొందరగా తేలే పని కాదు. మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో మీరు ఎత్తే బరువు పెరుగుతుంది గానీ టేపులో మార్పు దాదాపు కనిపించదు, ఎందుకంటే ఆ దశలో ముందుగా మారేది కండరాన్ని నడిపించే నాడుల పనితీరు. చుట్టుకొలతలో తేడా 8 నుంచి 12 వారాల తరవాత తెలియడం మొదలవుతుంది. మీకున్నంత తేడా పూడడానికి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా పట్టవచ్చు. చివరికి ఒక సెంటీమీటరు మిగిలిపోయినా బలం సమానమైతే దానిని లోపంగా చూడకండి. నాలుగు వారాలకు ఒకసారి మాత్రమే, ఉదయం వ్యాయామానికి ముందు, కాలు చాచి కూర్చుని, ప్రతిసారీ అదే చోట కొలవండి. రోజూ కొలిచేవారికి దిగులే తప్ప వివరం దొరకదు.

జిమ్‌లో గడిపే గంట కాక మిగిలిన ఇరవై మూడు గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. బస్సు కోసం నిలబడినప్పుడు ఏ కాలి మీద వాలుతున్నారో, నేల మీద భోజనానికి కూర్చుని లేచేటప్పుడు ఏ కాలితో నెట్టుకుంటున్నారో ఒక వారం గమనించండి. మెట్లు ఎక్కేటప్పుడు మొదటి అడుగు ఎడమకాలితో వేయండి.

ఆహారం విషయానికి వస్తే, సాధారణ వయోజనులకు శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. కండరాన్ని తిరిగి కట్టుకునేవారికి కిలోకు 1.2 నుంచి 1.6 గ్రాములు అవసరం. 70 కిలోల మనిషికి అది 84 నుంచి 112 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 250 మిల్లీలీటర్ల పాలలో 8 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పులో 11 గ్రాములు ఉంటాయి. రోజూ పప్పు తింటున్నామని చెప్పేవారి విస్తరిలో తరచుగా ఉండేది నీళ్లగా కాచిన పప్పుచారు, దానితో ఇన్ని గ్రాములు రావు. ముద్దపప్పు, గుడ్లు, పెరుగు, శనగలు, తినేవారైతే చేప, కోడి మాంసం మూడు పూటలకూ పంచుకోండి.

నిక్కరు గురించి రాశారు. దెబ్బ తిని, ఆపరేషన్ చేయించుకుని, మళ్లీ బరువు మోస్తున్న కాలు అది. దానిని దాచుకోవలసిన అవసరం ఏమీ లేదు. అయితే కబడ్డీ కూతకు వెళ్లడం మాత్రం 90 శాతం బలం వచ్చి, ఒంటికాలి గెంతులను ఫిజియోథెరపిస్టు పరీక్షించి సరేనన్న తరవాతే.

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. ఏడేళ్లుగా బ్యాడ్మింటన్ ఆడుతోంది, కుడిచేతి వాటం. కుడి తొడ ఎడమ తొడకంటే ఒకటిన్నర సెంటీమీటర్లు లావుగా ఉందని ఈ మధ్య గమనించాం. ఇది జబ్బా?
— ఒక తల్లి, విజయవాడ

సమాధానం: జబ్బు కాదండి. కుడిచేతి వాటం ఆటగాళ్లు నెట్ దగ్గరి షటిల్‌ను అందుకోవడానికి ప్రతిసారీ కుడికాలినే ముందుకు చాచి, దాని మీద శరీరాన్ని ఆపి, అదే కాలితో వెనక్కి నెట్టుకుంటారు. ఏడేళ్లలో ఆ అడుగు ఎన్ని వేలసార్లు పడి ఉంటుందో ఆలోచించండి. ఆ కాలి తొడ కాస్త పెరగడం ఆటకు శరీరం ఇచ్చిన సమాధానం. నొప్పి, తరచూ పట్టేయడం, నడకలో వాలు లేకపోతే ఆ కొలత గురించి దిగులు పడకండి, అమ్మాయి ముందు పదేపదే ప్రస్తావించకండి కూడా. ఆ వయసులో తమ శరీరం గురించి విన్న మాట చాలాకాలం మనసులో ఉండిపోతుంది.

అయినా ఎడమకాలిని బలపరచడం మంచిదే. వెనుక మూలకు పరుగెత్తి తల మీదుగా కొట్టి దిగేటప్పుడు శరీర బరువు చాలాసార్లు ఎడమకాలి మీదే పడుతుంది. వారానికి రెండు రోజులు, కోచ్ పర్యవేక్షణలో, స్ప్లిట్ స్క్వాట్, మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి మడమ ఎత్తడం ఎడమకాలికి ఒక సెట్టు ఎక్కువగా చేయించండి. ఆ వయసు పిల్లలకు బరువులు ప్రమాదమన్న భయం అక్కర్లేదు, పద్ధతి సరిగా ఉంటే చాలు.

ప్రశ్న: నా వయసు 54. రెండేళ్ల కిందట నడుమునొప్పి వచ్చి కుడికాలి పిక్క దాకా లాగేది. ఇప్పుడు నొప్పి బాగా తగ్గింది గానీ కుడి పిక్క సన్నబడింది. నడుస్తుంటే చెప్పు జారిపోతోంది. జిమ్‌లో చేరి పిక్కను పెంచుకోవాలనుకుంటున్నాను. ఏ వ్యాయామాలు చేయాలి?
— ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం: దయచేసి జిమ్‌కంటే ముందు వైద్యుడి దగ్గరకు వెళ్లండి. నొప్పి తగ్గి బలహీనత పెరగడాన్ని మెరుగుదలగా భావించకూడదు. నడుము డిస్క్ నరాన్ని నొక్కుతున్నప్పుడు మొదట నొప్పి ఉండి, తరవాత నొప్పి తగ్గినా ఆ నరం నడిపించే కండరం కరిగిపోవడం జరుగుతుంది. పిక్కను నడిపించే నరం వేరు, పాదాన్ని, వేళ్లను పైకెత్తే నరం వేరు, రెండూ నడుము కింది భాగం నుంచే వస్తాయి. చెప్పు జారుతోందంటే రెండోది కూడా దెబ్బతిని ఉండవచ్చు. గోడ పట్టుకుని ఒక్క ఎడమకాలి మునివేళ్ల మీద పైకి లేచి, తరవాత కుడికాలితో ప్రయత్నించండి. ఆ పైన మడమల మీద నాలుగు అడుగులు వేసి చూడండి. కుడివైపు స్పష్టంగా చేతకాకపోతే న్యూరాలజిస్టుకు లేదా వెన్నెముక వైద్యుడికి ఈ వారంలోనే చూపించుకోండి. కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం లేదా మలం మీద అదుపు తప్పడం కనిపిస్తే ఆ రోజే అత్యవసర విభాగానికి వెళ్లాలి. మధుమేహం ఉంటే అదీ చెప్పండి.

మరొక మాట. ఒక కాలు సన్నగా కనిపించినప్పుడు నిజానికి రెండోది వాచి ఉండవచ్చు. పిక్క అకస్మాత్తుగా వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండే ప్రమాదం ఉంది, ఆ స్థితిలో వ్యాయామం, మాలిష్ రెండూ పనికిరావు. ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగిన వాపయితే బోదకాలు సంగతి కూడా చూపించుకోవాలి.

నరం మీద ఒత్తిడి లేదని, లేదా తొలగిందని వైద్యుడు చెప్పిన తరవాత కూర్చుని మడమలు ఎత్తడంతో మొదలుపెట్టండి. తరవాత నిలబడి రెండు కాళ్లతో పైకి లేచి, కుడికాలి ఒక్కదాని మీదే నెమ్మదిగా కిందికి దిగండి. పైకి లేచే బలం ఇంకా రాని కండరానికి కిందికి దింపే బలం కాస్త ముందుగా ఉంటుంది, దానిని ఉపయోగించుకునే పద్ధతి ఇది. నరం తిరిగి కోలుకోవడం నెమ్మది, నెలల్లో లెక్క వేసుకోవాలి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. రెండో ఏట పోలియో వచ్చి కుడికాలు సన్నగా ఉండిపోయింది. కాలికి ఆసరాగా కట్టుకునే క్యాలిపర్ లేకుండా కొద్ది దూరం నడవగలను. మా పట్టణంలో కొత్తగా తెరిచిన జిమ్‌లో ట్రైనర్ ఆరు నెలల్లో రెండు కాళ్లూ సమానం చేస్తానంటున్నాడు. చేరమంటారా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అమ్మా, ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి. ఆ యువకుడు మోసం చేస్తున్నాడని నేను అనను. మన దేశంలో సహజ పోలియో చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లోని హౌరాలో నమోదైంది, 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. ఈ తరం ట్రైనర్లలో చాలామంది పోలియో కాలిని దగ్గరగా చూసి ఉండరు, వాడకపోవడం వల్ల కరిగిన కాలికీ దీనికీ ఉన్న తేడా వారికి తెలియదు.

పోలియో వైరస్ చంపేది కండరాన్ని కాదు, వెన్నుపాములో ఆ కండరాన్ని నడిపించే నాడీకణాలను. అవి తిరిగి పుట్టవు. నాడీకణం లేని కండరపు పోగుకు ఎంత బరువు పెట్టినా అది పెరగదు. బతికి బయటపడిన కణాలు చిన్నతనంలోనే కొత్త కొమ్మలు వేసి, అనాథలైన పోగులను కూడా దత్తత తీసుకుని, ఇన్నేళ్లుగా తమ వాటాకు మించిన పని చేస్తున్నాయి. వాటిని ఓపిక అయిపోయేదాకా అలసిపోయే వ్యాయామాలతో వేధిస్తే ఉన్న బలం తగ్గే ప్రమాదం ఉంది. పోలియో వచ్చిన దశాబ్దాల తరవాత కొత్తగా నీరసం, కండరాల నొప్పి, అలసట మొదలయ్యే స్థితి కూడా ఒకటి ఉంది. మీకు అలాంటివి ఉంటే ముందుగా వైద్యుడికి చెప్పండి.

అయినా వ్యాయామం మీకు వద్దని కాదు. కుడికాలిలో కదలిక బాగా ఉన్న కండరాలకు మాత్రమే, రోజు విడిచి రోజు, తేలికపాటి రబ్బరు బ్యాండుతో, సగం ఓపిక మిగిలి ఉండగానే ఆపేలా చేయండి. మర్నాటి ఉదయానికి అలసట పూర్తిగా పోవాలి, పోకపోతే తగ్గించాలి. నడుము లోతు నీళ్లలో నడక మీకు చాలా అనువైనది. ఇన్నేళ్లూ ఇంటి పనికీ బయటి పనికీ మిమ్మల్ని మోసిన ఎడమకాలిని, తుంటిని, భుజాలను బలంగా ఉంచుకోవడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. రెండు కాళ్ల పొడవులో తేడా ఉంటే చెప్పు మడమ ఎంత ఎత్తు పెంచాలో కొలిపించుకోండి. క్యాలిపర్ పాతదైతే తేలికైన కొత్తది చేయించుకోండి, దానికి జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలోని ఫిజియోథెరపీ విభాగంలో అడగండి.